ఒక్క రీడింగ్‌తో తేల్చేస్తారా?

ఒక్కసారి బీపీ ఎక్కువ కనిపించినంత మాత్రాన డాక్టరు జీవితాంతం మందులు రాసేయరు. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూస్తారు. మరి మూడు గంటల పరీక్షతో మీ పిల్లల తెలివిని ఎలా తేల్చేస్తారు?

2019 ఏప్రిల్‌లో మన ఇంటర్ ఫలితాలు గుర్తున్నాయా? తెలుగులో సున్నా వచ్చిన అమ్మాయికి మళ్లీ దిద్దితే 99 వచ్చాయి! ఫెయిలైనవారి పేపర్లు తిరిగి చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. అప్పటికే 20 మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం.

పరీక్షలే వద్దనను. కానీ నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి రోజూ బస్సెక్కి కాలేజీకెళ్లే పిల్లకూ, పట్నం హాస్టల్లో ఉండి చదివే పిల్లకూ కొలత ఒక్కటే. ఆ తేడా మెమోలో ఉండదు.

ఫలితాల రోజు పక్కింటి మార్కులు అడగకండి. పిల్లలు అన్నం తిన్నారా, నిద్రపోయారా చూడండి. రీవెరిఫికేషన్ ఉంది, సప్లిమెంటరీ ఉంది. ఎవరితోనూ మాట్లాడకుండా ముభావంగా ఉంటే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా పలుకుతారు.