పెడల్ మోత.. చెవికి కోత
మైకు స్పీకరు ముందుకొస్తే ‘కుయ్’మంటుంది కదా! గిటార్ పెడళ్ల ఔట్‌పుట్‌ను తిరిగి ఇన్‌పుట్‌కే కలిపి, ఆ కూతనే వాయించడం నాయిస్ మ్యూజిక్‌లో ఒక పద్ధతి. జపాన్‌కు చెందిన మెర్జ్‌బౌ 1979 నుంచీ ఈ సంగీతంలోనే ఉన్నారు. మీ అబ్బాయి గదిలో ఇదే ప్రయత్నిస్తుంటే మాత్రం జాగ్రత్త. నాబ్ కాస్త కదిలినా శబ్దం ఒక్కసారిగా ఎగబాకుతుంది. హెడ్‌ఫోన్స్ తీసేలోపే చెవికి దెబ్బ. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సంగీత వేదికలకు పెట్టిన హద్దు 15 నిమిషాల సగటున 100 డెసిబెల్స్. ఇంట్లో కొలిచేదెవరు? లోపలి చెవిలో చనిపోయిన రోమకణాలు మళ్లీ పుట్టవు.

మానిపించమని అనను. హెడ్‌ఫోన్స్ బదులు చిన్న స్పీకర్, పెడళ్ల చివర లిమిటర్, వాల్యూమ్ సున్నాతో మొదలు. దూది చాలదు, ఇయర్‌ప్లగ్స్ కొనండి. చెవిలో హోరు, దిబ్బడ మర్నాటికీ తగ్గకపోతే నూనె చుక్కలు వేయకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.