చెరకు రైతు మూడేళ్ళ లెక్క, చక్కెర విధానం మూడు నెలల లెక్క

చక్కెర సంవత్సరం అక్టోబరులో ఆరంభమవుతుంది. ఆ వెంటనే దేశంలో ఈ ఏడు ఉత్పత్తి ఎంత, వినియోగం ఎంత, మిగులు ఎంత అన్న అంచనాలు వెలువడతాయి. జనవరిలో వాటిని సవరిస్తారు, మార్చిలో మరల సవరిస్తారు. ఈ సవరణలతోపాటు ఎగుమతి విధానం, ఇథనాల్ విధానం కూడా మారుతూ ఉంటాయి. ముచ్చె నాటిన రైతుకు ఇటువంటి వెసులుబాటు లేదు. ఒక మొక్క తోట, దాని వెనుక ఒకటి రెండు కార్శి తోటలు కలుపుకొంటే అతని నిర్ణయం రెండు మూడు సంవత్సరాలకు కట్టుబడి ఉంటుంది. మన దేశపు చక్కెర భవిష్యత్తును గురించి ఆలోచించేటప్పుడు వర్షపాతం, దిగుబడి, రసనాణ్యతలతో సమానంగా ఈ రెండు కాలగతుల మధ్య గల అంతరాన్ని కూడా లెక్కలోనికి తీసుకొనవలెనని ఈ రచయిత అభిప్రాయం.

ఇటీవలి అనుభవం చూడండి. 2021-22లో ఇథనాల్‌కు మళ్ళించినది పోగా సుమారు 359 లక్షల టన్నుల చక్కెర ఉత్పత్తి అయినది. సుమారు 110 లక్షల టన్నులు ఎగుమతి అయి, అది రికార్డుగా నిలిచినది. మరుసటి సంవత్సరం ఎగుమతిని దాదాపు 60 లక్షల టన్నులకు పరిమితం చేశారు. 2023 ఆగస్టులో వర్షాభావం మహారాష్ట్ర, కర్ణాటకలను కలవరపరచగా 2023-24కు ఎగుమతి కోటా ఇవ్వనే లేదు. 2024-25లో ఉత్పత్తి సుమారు 261 లక్షల టన్నులకు పడిపోయినది. మన సాలీనా వినియోగం 280 లక్షల టన్నులకు పైమాటే. అయినను గత నిల్వల బలంతో 10 లక్షల టన్నుల ఎగుమతికి అనుమతించారు, కాని ఆ అనుమతి వచ్చినది 2025 జనవరి 20న. బ్రెజిల్ మధ్య, దక్షిణ ప్రాంతాలలో గానుగాట ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఆ చక్కెర ప్రపంచ విపణికి చేరకముందు మనకు దొరికే నాలుగైదు నెలల వ్యవధిలో సగం అనుమతి కోసం ఎదురుచూడడంతోనే గడచిపోయినది.

దేశీయ ధరలు పెరగకుండా చూడడం ప్రభుత్వ బాధ్యతే, దానిని ఎవరూ కాదనరు. అభ్యంతరమల్లా నిర్ణయం వెలువడే సమయం గురించే. ఇథనాల్ విషయంలో ఇది మరింత స్పష్టం. పెట్రోలులో 20 శాతం మిశ్రమ లక్ష్యాన్ని 2030 నుండి 2025కు ముందుకు జరిపారు. ఆ మాట నమ్మి మిల్లులు అప్పులు తెచ్చి డిస్టిలరీలు కట్టుకొన్నవి. 2023 డిసెంబరు 7న, అనగా ఇథనాల్ సరఫరా సంవత్సరం మొదలైన ఐదు వారాలకు, చెరకు రసం నుండి ఇథనాల్ తయారీని నిలిపివేశారు. తరువాత కొంత సడలించి, 2024 ఆగస్టులో ఆంక్షను ఎత్తివేశారు. ఈలోగా ఆ ఖాళీని మొక్కజొన్న ఆక్రమించినది. నేడు ఇథనాల్‌లో పెద్ద వాటా ధాన్యాలదే. చెరకు రైతు కోల్పోయిన ఆ స్థానం సులభంగా తిరిగి రాదు. బ్రెజిల్ మిల్లులు ధరలను బట్టి అదే చెరకును చక్కెరకో ఇథనాల్‌కో మళ్ళించుకొంటాయి. మన మిల్లులకు ఆ యంత్రాలు వచ్చినవి గాని ఆ స్వేచ్ఛ రాలేదు.

ఇక ధర సంగతి. 2018-19లో క్వింటాలుకు 275 రూపాయలుగా ఉన్న న్యాయమైన, గిట్టుబాటు ధర 2025-26కు 355 రూపాయలైనది. రికవరీ ప్రమాణం 10 నుండి 10.25 శాతానికి పెరిగిన మాటను కూడా గమనించాలి. 355ను 10.25తో భాగిస్తే కిలో చక్కెరలో చెరకు ఖర్చే 34 రూపాయల 60 పైసలు దాటుతుంది. 2019 ఫిబ్రవరిలో నిర్ణయించిన చక్కెర కనీస అమ్మకపు ధర 31 రూపాయలు, ఆ తరువాత ఆరేళ్ళకు పైగా అది కదలలేదు. బహిరంగ ధర ఇంతకన్న ఎక్కువే ఉంటున్నది, మొలాసిస్, పిప్పి మీద కూడా మిల్లుకు ఆదాయం ఉన్నది, నిజమే. కాని ధర జారినప్పుడు ఆదుకొనవలసిన మెట్టు ముడిసరుకు ఖర్చు కంటె కిందనే ఉన్నదన్న మాట. ధర జారిన నాడు ఆ భారం బకాయిల రూపంలో రైతు మీద పడుతుంది. పద్నాలుగు రోజులలో చెల్లించాలి, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ ఇవ్వాలి అని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతున్నది. ఆ వడ్డీ చేతికందిన రైతులు ఎందరో పాఠకులకు చెప్పనక్కరలేదు.

2012లో రంగరాజన్ కమిటీ ఆదాయ పంపిణీ పద్ధతిని సూచించినది: చక్కెర, ఉపోత్పత్తుల విలువలో 70 శాతం గాని, చక్కెర ఒక్కదాని విలువలో 75 శాతం గాని రైతుకు చెందాలన్నది. ధరల స్థిరీకరణ నిధి తోడు లేకుండా దీనిని అమలుచేస్తే నష్టమంతా రైతుదే అవుతుంది కనుక ఈ రచయిత దానిని పూర్తిగా సమర్థించడం లేదు. అయినను మన విద్యార్థులు దానిని చదవడం అవసరం.

తెలుగు ప్రాంతాలలో పరిస్థితి దేశపు సగటు కంటె విషమం. 1937లో బోధన్‌లో ఆరంభమైన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినది. ఉత్తర కోస్తాలో తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ సహకార మిల్లులు కూడా గానుగాట ఆపివేసినవి. అనకాపల్లి బెల్లం మార్కెట్ వలన అక్కడి రైతుకు ఇంకొక దారి ఉన్నది గాని, బెల్లానికి కనీస ధర అంటూ లేదు. నరుకుడు కూలీల కొరత, జడచుట్ల ఖర్చు దీనికి తోడు. రైతు సదస్సులలో నేడు ఎరువుల మోతాదు గురించి అడిగేవారు తక్కువ. "అయ్యా, ఈ ఏడు కొత్త తోట వేయమంటారా, సరుగుడు పెట్టమంటారా?" అని అడుగుతున్నారు. దీనికి మన విస్తరణ కరపత్రాలలో సమాధానం లేదు.

పరిశోధన వైపు కూడా ఒక హెచ్చరిక ఉన్నది. ఉత్తరప్రదేశ్‌లో కో 0238 రకం దిగుబడిని, రికవరీని రెంటినీ పెంచినది. అందువల్లనే అది అక్కడి చెరకు విస్తీర్ణంలో 80 శాతానికి మించి వ్యాపించినది. ఎర్రకుళ్ళు తెగులు దానికి సోకేసరికి ఒక్క రాష్ట్రపు సమస్య దేశపు చక్కెర లెక్కలనే తలకిందులు చేసినది. ఒక రకం ఎంత మంచిదైనను మిల్లు పరిధిలో దానికొక విస్తీర్ణ పరిమితి ఉండాలి. ఆ మాట మిల్లు యాజమాన్యాలకు నచ్చకపోయినా శాస్త్రవేత్తలు చెప్పి తీరాలి. 1913 నుండి చెరకు మీద పనిచేస్తున్న అనకాపల్లి పరిశోధనా స్థానం వంటి సంస్థకు ఆ మాట చెప్పగల అధికారం ఉన్నది.

ఎగుమతి పరిమాణం, ఇథనాల్‌కు మళ్ళించదగిన చక్కెర, ఈ రెంటినీ కనీసం రెండు సంవత్సరాలకు ఒక అవధిలోపల ముందుగా ప్రకటించడం అసాధ్యం కాదు. వర్షాభావం వస్తే ఆ అవధిలో తగ్గించుకొనవచ్చును. కోస్తా ఆంధ్రలో జనవరి నుండి మార్చి వరకు ముచ్చెలు నాటుతారు. ఆ ప్రకటన డిసెంబరులోగా వెలువడితే, కొత్త తోట వేయాలా అని అడిగిన రైతుకు విస్తరణ శాస్త్రవేత్త సరిహద్దు గట్టు మీద నిలబడి లెక్క వేసి చెప్పగలడు.