చిక్కటి ఆయిల్ కింద దాచిన ఐబ్

"పాత బండి కదా భాయ్, ఇంజిన్ లూజ్ అయ్యుంటది. చిక్కటి ఆయిల్ పోయించు." ఈ నసీహత్ వినని పాత కారు ఓనరు మనలో ఉండడు. షెడ్డులో చెప్పేవాణ్ణి ఉస్తాద్ అంటాం కాబట్టి ఎందుకని అడగం. నేనూ ఏళ్ల తరబడి అడగలేదు. ఇది సగం గలత్ ఫహమీ, సగం ధోకా అని ఇప్పుడు చెప్తున్నా.

డబ్బా మీద 20డబ్ల్యూ-50 అని ఉంటుంది. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందు అంకె ఎంత చిన్నదైతే, చలిలో ఆయిల్ అంత తేలిగ్గా పారుతుంది. వెనక అంకె 100 డిగ్రీల వేడిలో ఉండే చిక్కదనం. అక్కడ 30 గ్రేడ్ 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల లోపు, 50 గ్రేడ్ 16.3 నుంచి 21.9 లోపు. తేడా చిన్నదేం కాదు.

ఫజర్ నమాజుకి బయల్దేరి తాళం తిప్పుతాం. రాత్రంతా ఆయిల్ అడుక్కి దిగి ఉంటుంది. చిక్కటిదైతే పైనున్న క్యామ్‌కి, రాకర్లకి ఆలస్యంగా చేరుతుంది. అరుగుదల ఎక్కువగా జరిగేది ఆ కాస్త సేపట్లోనే. మీటర్‌లో ప్రెషర్ బాగా చూపిస్తుంది గానీ, ప్రెషర్ వేరు, పారడం వేరు.

అలాగని వీడియోలు చూసి పాత మారుతి 800లో 0డబ్ల్యూ-20 పోసే కుర్రాళ్లతోనూ నేను లేను. మన కర్నూలు, హైదరాబాదుల్లో మంచు కురవదు. ఆ పల్చటి ఆయిల్ కోసం తయారైన ఇంజిన్లు వేరు. బండి మాన్యువల్ తీసి చూడండి, ఏ వేడికి ఏ గ్రేడో రాసి ఉంటుంది. ఇంజిన్ నిజంగానే అరిగి ఆయిల్ తాగుతుంటే, మాన్యువల్ ఒప్పుకున్నంతలో ఒక మెట్టు పైకి వెళ్లండి. అది కూడా వాల్వ్ సీల్స్, రింగులు చూపించాకే. ట్యాపెట్ సెట్టింగ్‌తో పోయే టకటకకి ఆయిల్ మార్చడమేంటి?

ఇక ధోకా. మా ఛోటే మామూ బేటీ నికాహ్ అయ్యాక మిగిలిన పైసలతో పాత 800 కొన్నాడు. ఇంజిన్ మెత్తగా, చప్పుడు లేకుండా నడిచింది. మొదటిసారి ఆయిల్ మార్పించి మాన్యువల్ గ్రేడ్ పోయించగానే టకటక, వెనక నీలం పొగ. పాత ఆయిల్‌ని చిక్కబరిచే మందుతో కలిపి పోశారని షెడ్డులో తేలింది. అమ్మినవాడు మామూ పక్కనే సఫ్‌లో నిలబడేవాడు. అడిగితే "బిజినెస్‌లో ఇవన్నీ మామూలే" అన్నాడట.

మామూలేంటి? ధాన్యం రాశి అడుగున తడి గింజలు పెట్టిన వ్యాపారి వాకియా జుమా బయాన్‌లలో ఎన్నిసార్లు వినలేదు? ఆయన చెయ్యి రాశిలోకి పెట్టి చూశారు, సల్లల్లాహు అలైహి వసల్లం. ఇంజిన్‌లోకి చెయ్యి పెట్టలేం, అంతే తేడా.

కొనేవాళ్లు చల్లటి ఇంజిన్ మీదే స్టార్ట్ చేయించి పొగ చూడండి. అరగంట తిప్పి, వేడెక్కాక చప్పుడు వినండి. బయానా ఇచ్చే ముందు, "నా ఖర్చుతో మాన్యువల్ గ్రేడ్ ఆయిల్ పోయించి, రెండ్రోజులు చూసి తీసుకుంటా" అనండి. దానికి ముఖం మాడ్చుకున్నాడా, ఖుదా హాఫిజ్ చెప్పి లేచి వచ్చేయండి.