పిష్టపేషణము

ఒకమారు విసిరిన పిండిని మరల తిరగలిలో పోయుటను మన పెద్దలు పిష్టపేషణమన్నారు. అమెరికాలో బీమా సంస్థలు మత్తువైద్యుల అర్హతలను పరిశీలించు తీరునకు ఇంతకంటె తగిన మాట నాకు దొరకలేదు. నేను వైద్యుడను కాను, తెలుగు పాఠములు చెప్పుకొని బ్రతికినవాడను. మా మేనల్లుడు అక్కడ ఆ వృత్తిలో నున్నందున ఈ తంతు కొంత తెలిసినది.

గుంటూరులోనో కాకినాడలోనో చదివి వెళ్ళినవాని పట్టా నిజమైనదా కాదా యని ఇ.సి.ఎఫ్.ఎం.జి. అను సంస్థ కళాశాలనే అడిగి తేల్చుకొనును. పిమ్మట నాలుగేండ్ల శిక్షణ, రాష్ట్రపు లైసెన్సు. ఆపైన ఆసుపత్రివారు అన్నిటిని మరల సరిచూచి, వైద్యులపై అభియోగములు నమోదగు జాతీయ నిధిని వెదకిగాని మత్తిచ్చుటకు అనుమతింపరు. ఇంతవరకు నాకు ఆక్షేపణ లేదు. నిద్రపుచ్చబడిన మనిషి ఊపిరి పరుని చేతిలో నుండును. ఆ చేయి ఎవరిదో విచారించుట ధర్మము.

ఆక్షేపణ యెల్ల ఇటుపైననే. దేవుడు వరమిచ్చినను పూజారి ఇయ్యడన్నట్లు, ప్రతి బీమా సంస్థయు ఆ సంగతులనే మరల విచారించును. మెడికేరునకు 855ఐ దరఖాస్తు వేరు. ప్రైవేటు సంస్థలకై సి.ఎ.క్యు.హెచ్. వారి ఉమ్మడి చిట్టా యున్నది. సాధారణముగా 120 దినములకొకమారు అందలి వివరములు సరియేయని ధ్రువపరచవలెను. ఉమ్మడి యైనవి వివరములే. నిర్ణయము మాత్రము ఎవరిది వారిదే. మూడు నాలుగు నెలలు గడచుట మామూలు. వైద్యుడు ఒక బృందమును వీడి వేరొకదానిలో చేరెనా, పట్టా మారకున్నను, మనిషి మారకున్నను, తంతు మరల మొదలు!

మావాడు ఆసుపత్రి అనుమతి చేతనుండియు, ఒక సంస్థ నమోదు రాక, నాలుగు నెలలు ఆ సంస్థ రోగుల జోలికి పోలేకపోయెను. అతని నైపుణ్యము ఆ నాలుగు నెలలు ఎక్కడికి పోయినది? పక్కగదిలో వేరొక బీమా గల రోగికి అతడే మత్తిచ్చుచుండెను గదా!

మోసగాండ్రను అరికట్టుటకే యిదియంతయు నందురు. మోసమును పట్టవలసినది మూలమున. పదిమంది అడిగినంతమాత్రమున ఒక పట్టా పదింతలు నిజము కాదు. పైగా ఆలస్యము చేయువారొకరు, నష్టపోవువారొకరు. నమోదునకు ముందు చేసిన పనికి పెక్కు సంస్థలు పైకమీయవు. మెడికేరైనను కొన్ని నిబంధనలతో వెనుకటి 30 దినముల పనికి చెల్లించుచున్నది. ప్రభుత్వమునకు సాధ్యమైనది వీరికేల అసాధ్యము?

రోగి శస్త్రవైద్యుని ఎన్నుకొనునేమోగాని మత్తువైద్యుని ఎన్నుకొనడు. 2022 జనవరి 1 నుండి అమలైన నో సర్‌ప్రైజెస్ చట్టము ఈ సత్యమును గుర్తించినది. నెట్‌వర్కులోని ఆసుపత్రిలో వెలుపలి మత్తువైద్యుడు పనిచేసినను అదనపు బిల్లు రోగిపై వేయరాదన్నది. రోగిని కాపాడిన చట్టము సరియే. ఆ వైద్యుని నెలలతరబడి వెలుపల నిలుపు వాకిలిని మాత్రము అది ముట్టలేదు.

నేను కోరునది పరిశీలన వలదని కాదు. ఒక్కమారు గట్టిగా పరిశీలింపుడు, దానిని అందరును ప్రమాణముగా గైకొనుడు, గడువు పెట్టుడు, గడువు దాటినచో దరఖాస్తు నాటినుండి పైకము చెల్లింపుడు. తిరగలి త్రిప్పినంతసేపు చప్పుడు వచ్చును. ఆ చప్పుడునే జాగ్రత్త యని నమ్ముమనుట న్యాయము కాదు.