పిల్లవాడే అడ్డం వచ్చాడట!

ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన దశాబ్దాలలో అత్యవసర విభాగంలో నేను లెక్కలేనన్నిసార్లు విన్న మాట ఒకటి ఉంది. నెత్తురోడుతున్న పసిబిడ్డను బల్లపై పడుకోబెట్టి, వెంట వచ్చినవారు అంటారు: "బండి నిదానంగానే వస్తోంది సార్, పిల్లవాడే అడ్డం వచ్చాడు." నేను గాయాన్ని పరీక్షించకముందే తీర్పు వెలువడుతుంది. ముద్దాయి వయస్సు నాలుగేళ్లు!

ఝరాసంగం వంటి ఊరిని తలచుకోండి. కేతకీ సంగమేశ్వర స్వామి దర్శనానికి పొరుగున ఉన్న కర్ణాటక, మహారాష్ట్రల నుంచి సైతం వాహనాలు వస్తాయి. చెరకు కోతల కాలంలో జహీరాబాద్ ప్రాంతపు దారులన్నీ ట్రాక్టర్లతో నిండుతాయి. రోడ్డును ఆనుకొనే ఇళ్ల గడపలుంటాయి. అటువంటి చోట పసివాడు హఠాత్తుగా రోడ్డుపైకి రావడం వింత కాదు. అది ప్రతి డ్రైవరూ ముందే ఊహించి, వేగం తగ్గించుకోవలసిన సంగతి.

వైద్యశాస్త్రం ఏమంటుందో వినండి. ఎదురుగా వచ్చే బండి దూరాన్నీ, వేగాన్నీ సరిగా అంచనా వేసే శక్తి ఐదారేళ్ల మెదడుకు ఇంకా రాదు. బంతి వెంట పరుగెత్తే బిడ్డకు బంతి తప్ప మరేదీ కనబడదు. అది అల్లరి కాదు, వయోధర్మం. పెద్దవారి కాలికి తగిలే బంపరు పసివాడికి తొడకో, పొట్టకో, ఛాతీకో తగులుతుంది. ఆపై ఎగిరిపడి తల నేలకు కొట్టుకుంటుంది. పది కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం సుమారు 800 మిల్లీలీటర్లు. మనం రక్తదానంలో ఇచ్చే 350 మిల్లీలీటర్ల సంచి ఒక్కటి నిండేంత రక్తం పోతే చాలు, ఆ బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది.

చట్టం కూడా ఇదే వైపు నిలుస్తుంది. ఏడేళ్లలోపు బిడ్డ చేసిన ఏ పనీ నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్ చెబుతోంది. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చడం, పోలీసులకు తెలపడం డ్రైవరు విధి అని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ శాసిస్తోంది. మరి ఊళ్లలో జరుగుతున్నదేమిటి? పెద్దమనుషులు కూర్చుంటారు. మందుల ఖర్చుకు కొంత సొమ్ము ఇప్పించి, "కేసు వద్దు" అని ముగిస్తారు.

ఇటువంటి ఒక రాజీలో నాకూ పాలుంది. తొడ ఎముక విరిగిన బాలుణ్ణి తెచ్చి, మెట్లపై నుంచి పడ్డాడన్నారు. ఆ గాయం మెట్లది కాదని నాకు అనుమానం కలిగింది. అయినా చెప్పినదే రాసుకున్నాను. ఏళ్ల తరువాత ఆ బాలుడు కుంటుతూ వైకల్య ధ్రువపత్రం కోసం వచ్చాడు. మోకాలి దగ్గరి ఎదుగుదల పొర దెబ్బతిని, ఒక కాలు పొట్టిదైపోయింది. తండ్రి అప్పుడు నిజం చెప్పాడు. కాని కాగితం మీద అది మెట్ల ప్రమాదం. ఆ సంతకం నాదే.

పసిబిడ్డ గాయం బిడ్డతో పాటు పెరుగుతుంది. తల గాయం ఫలితం బడిలో చేరాక గాని బయటపడకపోవచ్చు. పన్నెండేళ్ల వయస్సులో తలకు దెబ్బ తగిలి పూర్తిగా వికలాంగురాలైన ఒక బాలికకు ట్రిబ్యునల్ ఇచ్చిన పరిహారం సుమారు 11 లక్షలు. సుప్రీంకోర్టు 2020లో దానిని 62 లక్షలకు పైగా పెంచింది. జీవితాంతం సేవ చేసే మనిషి ఖర్చును కూడా అందులో లెక్కించింది. అరుగు మీద కుదిర్చే రాజీలో ఈ లెక్క ఎవరు వేస్తారు?

"డ్రైవరూ పేదవాడే కదా!" అంటారు. నిజమే. అందుకే చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. కేసు లేకుండా చేస్తే లాభపడేది బీమా సంస్థ, లేదా బీమా లేని బండిని రోడ్డెక్కించిన యజమాని. మైనరు బాలుడికి బండి ఇచ్చి ప్రమాదానికి కారణమైన తండ్రికి సైతం 199ఎ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

2014 జూలై 24న మన ఉమ్మడి మెదక్ జిల్లాలోనే, మాసాయిపేట వద్ద కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న బడి బస్సును రైలు ఢీకొంది. పదిమందికి పైగా చిన్నారులు మరణించారు. డ్రైవరూ మరణించాడు. అతనితోనే బాధ్యత సమసిపోయిందా? బడి, గేటు, ప్రభుత్వం, అందరూ ప్రశ్నలు ఎదుర్కొన్నారు. 2019 నాటికి బ్రాడ్‌గేజ్ మార్గాలలో అటువంటి గేట్లన్నిటినీ రైల్వే శాఖ తొలగించింది. బాధ్యతను గట్టిగా అడిగినచోటే మార్పు వస్తుంది.

కనుక తల్లిదండ్రులారా! బిడ్డకు దెబ్బ తగిలితే వైద్యునికి జరిగినది జరిగినట్టు చెప్పండి. మెడికో-లీగల్ కేసుగా నమోదు చేయమనండి. ఎఫ్‌ఐఆర్ ప్రతిని, ఎక్స్‌రేలను భద్రపరచండి. క్లెయిముకు చట్టం ఆరు నెలల గడువు పెట్టింది, జాప్యం చేయకండి. యువ వైద్యులారా! మెట్ల కథ వినబడినప్పుడు కలం ఆపి, మరొక్కసారి అడగండి. నేను అడగలేదు.