జర్మనీలో చదువుకు ఫీజు లేదు. మరి అద్దె మాటేమిటి?

జర్మనీ వెళితే చదువుకు ఫీజు కట్టనక్కరలేదన్న మాట ఇప్పుడు మన పల్లెల్లో కూడా వినిపిస్తున్నది. అమెరికా ఖర్చుకు తూగలేని కుటుంబాలు ఇంజనీరింగు పూర్తిచేసిన పిల్లలను అటు పంపే ఆలోచన చేస్తున్నాయి. 2023-24 శీతకాలపు సెమిస్టరు నాటికే అక్కడి విద్యాసంస్థల్లో 49 వేలమంది దాకా భారతీయులు చేరారు. విదేశీ విద్యార్థుల్లో మనవారిదే మొదటి స్థానం.

ఫీజు లేదన్న మాట చాలావరకు నిజమే. అయితే చదువు ఉచితమైనంత మాత్రాన అక్కడ బతకడం ఉచితం కాదు. నెల తిరిగేసరికి గది అద్దె, తిండి, ఆరోగ్య బీమా తప్పవు. పొలం తాకట్టు పెట్టేముందు ఈ లెక్క వేసుకోవడం ఎంతైనా అవసరం.

అన్నిచోట్లా ఉచితం కాదు

జర్మనీలో ఎక్కువ రాష్ట్రాల్లోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ట్యూషన్ ఫీజు వసూలు చేయవు. సెమిస్టరుకు కొద్ది వందల యూరోల రుసుము మాత్రం ఉంటుంది. కాని బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో ఐరోపా సమాఖ్యకు బయటి విద్యార్థులు 2017 నుంచి సెమిస్టరుకు 1,500 యూరోలు కడుతున్నారు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024-25 నుంచి అటువంటి విద్యార్థుల వద్ద ఫీజు తీసుకుంటున్నది. ప్రైవేటు సంస్థల్లో ఫీజులు సరేసరి. ‘జర్మనీలో సీటు’ అనగానే సంబరపడక, అది ప్రభుత్వ సంస్థా, ప్రైవేటుదా అన్నది మొదట తేల్చుకోవాలి.

ముందుగా 12 లక్షలు

వీసా కావాలంటే ఏడాది ఖర్చుకు సరిపడే డబ్బు చూపాలి. చాలామంది ఇందుకు బ్లాక్డ్ అకౌంట్ తెరుస్తారు. 2024 సెప్టెంబరు నుంచి ఇందులో వేయవలసిన మొత్తం 11,904 యూరోలు. యూరో మారకం విలువ 2025లో వంద రూపాయలు దాటినందువల్ల ఇది మన లెక్కలో సుమారు 12 లక్షల రూపాయలు, ఆపైన.

2025-26 మద్దతు ధర ప్రకారం ఏ గ్రేడు ధాన్యం క్వింటాలు 2,389 రూపాయలు. 12 లక్షలంటే 500 క్వింటాళ్ల ధాన్యం. ఎకరానికి 25 క్వింటాళ్లు పండినా ఇరవై ఎకరాల పంట. ఇందులో పెట్టుబడి తీసివేయలేదు.

ఇది ప్రభుత్వానికి కట్టే సొమ్ము కాదు, విద్యార్థిదే. అయితే ఒక్కసారిగా తీసుకునే వీలు లేదు. నెలకు 992 యూరోల చొప్పున చేతికి వస్తుంది. ‘వీసా వచ్చేదాకా మేం సర్దుతాం, తర్వాత తిరిగి ఇచ్చేయండి’ అనే దళారుల మాట నమ్మితే, పరాయి దేశంలో దిగిన కుర్రవాడికి ఆ 992 యూరోలు కూడా మిగలవు.

అద్దెకే సగం

992 యూరోలతో నెల గడుస్తుందా అన్నది ఊరినిబట్టి ఉంటుంది. నలుగురు కలిసి ఉండే ఇంట్లో ఒక గది అద్దె దేశం మొత్తంమీద సగటున 489 యూరోలని, మ్యూనిక్‌లో 790 యూరోలని మోజెస్ మెండెల్సోన్ సంస్థ 2024లో లెక్కగట్టింది. విద్యార్థి ఆరోగ్య బీమా తప్పనిసరి. నెలకు 140 నుంచి 150 యూరోల దాకా అవుతుంది.

మ్యూనిక్‌లో అద్దె, బీమా పోగా చేతిలో మిగిలేది 60 యూరోల లోపే. దానితో నెలంతా తిండి, బస్సు, ఫోను గడవాలి. సగటు ఊళ్లో అయితే 350 యూరోలు మిగులుతాయి. వండుకు తినేవారికి సరిపోతుంది. తూర్పు ప్రాంతంలోని కెమ్నిట్స్ వంటి ఊళ్లలో గది 300 యూరోల చుట్టుపక్కల దొరుకుతుంది. పేరున్న నగరంలో సీటా, చౌక ఊళ్లో సీటా అన్నది కుటుంబం తాహతును బట్టి తేల్చుకోవలసిన విషయం.

అద్దెలో కూడా రెండు రకాలున్నాయి. అక్కడివారు ‘చల్లని అద్దె’ అనేది ఒట్టి గదికి; ‘వెచ్చని అద్దె’లో నీళ్లు, చలికాలపు వేడి ఖర్చు కలుస్తాయి. కరెంటు బిల్లు చాలాచోట్ల వేరే. ఇంటి యజమాని మూడు నెలల చల్లని అద్దె దాకా డిపాజిట్ అడగవచ్చు. దీన్ని మూడు వాయిదాల్లో చెల్లించే హక్కు అద్దెదారుకు చట్టం ఇచ్చింది. ఈ సంగతి తెలియక దిగిన వారంలోనే మొత్తం కట్టి ఇబ్బంది పడకూడదు.

గది దొరకడమే గండం

డబ్బున్నా గది వెంటనే దొరుకుతుందన్న భరోసా లేదు. చౌకగా ఉండేవి విద్యార్థి సేవా సంస్థలు నడిపే హాస్టళ్లు. ఆ గదులు నూటికి పదిమంది విద్యార్థులకు కూడా చాలవు. పెద్ద నగరాల్లో నెలల తరబడి వరసలో ఉండాలి.

గది లేకపోతే వచ్చే చిక్కు తల దాచుకోవడంతో ఆగదు. ఇంట్లో దిగిన రెండు వారాల్లో చిరునామాను ఊరి కార్యాలయంలో నమోదు చేయించాలి. దానికి ఇల్లిచ్చినవారి ధ్రువపత్రం కావాలి. తాత్కాలిక బసల్లో చాలావాటిలో ఈ పత్రం ఇవ్వరు. నివాస అనుమతి పొడిగింపు ఈ నమోదుతోనే ముడిపడి ఉంటుంది.

ఈ తొందరను మోసగాళ్లు కనిపెట్టారు. ‘నేను వేరే దేశంలో ఉన్నాను, డిపాజిట్ పంపితే తాళంచెవి పోస్టులో పంపుతాను’ అంటూ లేని గదికి డబ్బు గుంజుతారు. గదిని స్వయంగాగాని, తెలిసినవారి ద్వారాగాని చూడకుండా పైసా పంపరాదు.

పని చేసుకుంటే తీరుతుందా?

2024 మార్చి నుంచి మన విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 అర రోజులు పనిచేయవచ్చు. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. కాగితంమీద ఇది మంచి మొత్తమే. కాని జర్మన్ భాష రానివారికి పని దొరకడం కష్టం. పరీక్షలు తప్పితే రెండేళ్ల చదువు మూడేళ్లకు సాగుతుంది. ఆ ఏడాదికి మళ్లీ ఖర్చు. కనుక పని సంపాదనను వేడినీళ్లకు చన్నీళ్లుగా భావించాలేగాని, అప్పు తీర్చే దారిగా లెక్కలో రాసుకోకూడదు.

ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి 12 లక్షలు తెస్తే నెలకు వడ్డీయే 24 వేలు. అది తొలి ఏడాది ఖర్చు మాత్రమే. రెండో ఏడాదికి అనుమతి పొడిగించేటప్పుడు మళ్లీ డబ్బు చూపాలి.

చేయవలసినది

ఇంత చెప్పడం పిల్లలను ఆపమని కాదు. లెక్క సరిగా వేసుకున్నవారికి జర్మనీ ఇప్పటికీ తక్కువ ఖర్చు దేశాల్లో ఒకటి. రెండేళ్ల జీవన వ్యయానికి కనీసం 24 లక్షలు, డిపాజిట్‌కు, ప్రయాణానికి మరికొంత వేసుకోవాలి. సీటు ఖాయమైన రోజునే హాస్టలుకు దరఖాస్తు పెట్టాలి. వెళ్లేముందు ఆరు నెలలైనా జర్మన్ నేర్వాలి. బ్యాంకు రుణానికి ప్రయత్నించకుండా వడ్డీ వ్యాపారి గడప తొక్కరాదు. రెండో ఏడాది డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకున్న తర్వాతే విమానం టిక్కెట్టు కొనడం మంచిది.