గుర్రపు డెక్క.. ఒకరు తీస్తే తరగదు

ఏలూరు: గోదావరి, కృష్ణా డెల్టా కాలువలకు గుర్రపు డెక్క ఏటా తప్పని బెడదగా మారింది. సాగునీటికి అడ్డుపడి శివారు ఆయకట్టును ఎండబెడుతున్న ఈ మొక్కే, వర్షాకాలంలో డ్రెయిన్లను మూసివేసి వరి చేలను ముంచుతోంది. తొలగింపు పనులు జరుగుతున్నా సమస్య మళ్లీ మొదటికే వస్తోంది. లోపం పనిముట్లలో కన్నా పని తీరులోనే ఎక్కువ.

దక్షిణ అమెరికాకు చెందిన ఈ మొక్క 19వ శతాబ్దం చివర్లో బెంగాల్‌కు చేరి, క్రమంగా దేశమంతా వ్యాపించింది. అనుకూల పరిస్థితుల్లో పిలకలు వేస్తూ రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. దీని విత్తనాలు బురదలో 20 ఏళ్ల వరకు మొలకెత్తే శక్తిని నిలుపుకోగలవు.

ఎగువన వదిలేస్తే అంతే..

ఇది నీటిపై తేలుతూ సాగిపోయే మొక్క. దిగువ రైతులు చందాలు వేసుకుని తమ పరిధిలో శుభ్రం చేసుకున్నా, ఎగువన మిగిలిన దుబ్బులు ప్రవాహంలో కొట్టుకొచ్చి మళ్లీ పేరుకుపోతాయి. నీరు ముందుగా అందే ఎగువ రైతుకు అంత తొందర ఉండదు. బాధ్యతా ముక్కలైంది. కాలువలు, డ్రెయిన్లు జలవనరుల శాఖవి, ఊరి చెరువులు పంచాయతీలవి, చేపల చెరువులు యజమానులవి. ఎవరికి వీలైనప్పుడు వారు తీస్తే మొక్కకు ఎక్కడో ఒకచోట ఆశ్రయం దొరుకుతూనే ఉంటుంది. రసాయనాలు చల్లుదామన్నా, గ్రామాల మంచినీటి చెరువులను నింపేది ఈ కాలువలే.

బెంగాల్ నేర్పిన పాఠం

అవిభక్త బెంగాల్‌లో 1936లో దీనిపై ప్రత్యేక చట్టమే తెచ్చారు. సొంత స్థలంలోనైనా ఈ మొక్కను ఉంచుకోవడాన్ని నిషేధించారు. 1937 ఎన్నికల్లో దీని నిర్మూలన పార్టీల హామీ అయింది. తర్వాత ఫజ్లుల్ హక్ ప్రభుత్వం ప్రజలను కదిలించి ఏరివేత ఉద్యమం నడిపింది.

మనకూ వేదిక ఉంది

రైతుల భాగస్వామ్యంతో సాగునీటి నిర్వహణకు 1997లోనే రాష్ట్రంలో చట్టం వచ్చింది. నీటి వినియోగదారుల సంఘాలకు 2024 డిసెంబరులో ఎన్నికలూ జరిగాయి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు, తల నుంచి శివారు వరకు అన్ని సంఘాలు, పంచాయతీలు ఒకే వారంలో పని చేపట్టాలి. పూత రాకముందే తీయాలి. తీసినదాన్ని గట్టుపై వదలకుండా ఎరువుగా మార్చాలి. నీరు వదిలాక శివారు సంఘం పరిశీలించి సంతకం చేస్తేనే ఎగువ పనులకు బిల్లులు చెల్లించాలి. అప్పుడే ఎగువవారి పనికి దిగువవారి పొలం సాక్ష్యమవుతుంది.